కుందేలు వెంట్రుక మీద మంచుపువ్వు

పూజగదిలో కర్పూరం డబ్బా మూత తీసి లోపలివైపు చూడండి. సన్నగా మెరిసే పొర ఒకటి అంటుకుని ఉంటుంది. కర్పూరం కరగకుండానే ఆవిరై, మూతకి తగిలి మళ్ళీ గట్టిపడింది. మబ్బులో మంచుపువ్వు (స్నోఫ్లేక్) పెరిగేదీ ఇలాగే. వడగల్లంటే గడ్డకట్టిన నీళ్ళు. మంచుపువ్వు కథ వేరు. ధూళికణాన్ని పట్టుకుని గడ్డకట్టిన చిన్న తుంపర దానికి విత్తనం మాత్రమే, ఆపైన పెరిగేదంతా ఆవిరితోనే. ఫ్రిజ్‌లోని మంచుగడ్డకీ, హిమాలయాల మంచుకీ మనం ఒకే మాట వాడతాం కాబట్టి ఈ తేడా మనకంతగా పట్టదు.

మంచుపువ్వుకి ఎప్పుడూ ఆరు రేకులే ఎందుకని 1611లోనే కెప్లర్ ఓ చిన్న పుస్తకం రాశాడు. జవాబు దొరకలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు కూడా. మంచుగడ్డలో నీటి అణువులు ఆరు మూలల గళ్ళుగా అల్లుకుంటాయని తేలింది ఇరవయ్యో శతాబ్దంలో. అందుకే పువ్వు తొలి రూపం ఆరు పలకల బిళ్ళ. దాని మూలలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి ఆవిరి ముందు వాటికే అందుతుంది. అవే చేతులుగా సాగుతాయి.

మరి ఒక్కో పువ్వుకి ఒక్కో రూపం ఎలా వస్తుంది? దీన్ని తేల్చినవాడు జపాన్‌లోని హొక్కయిదో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఉకిచిరో నకయా. ముందు వేల ఫొటోలు తీశాడు. తర్వాత చల్లటి గదిలో తనే మంచుపువ్వుని పెంచాలనుకున్నాడు. విత్తనం నిలబడ్డానికి ఆధారం కావాలి కదా! నూలు, పట్టు, ఉన్ని దారాలు ప్రయత్నించాడు. వాటి నిండా మంచు గొంగళిపురుగులా పేరుకుందే తప్ప పువ్వు రాలేదు. చివరికి కుందేలు వెంట్రుక పనికొచ్చింది. దాని మీద అక్కడక్కడా ఉండే జిడ్డు బొడిపెల దగ్గర మాత్రమే స్ఫటికం మొలిచింది. అది 1936.

చలినీ తేమనీ మారుస్తూ పెంచి చూస్తే గుట్టు విడిపోయింది. మైనస్ 2 డిగ్రీల దగ్గర పల్చని బిళ్ళలు, మైనస్ 5 దగ్గర సూదులు, మైనస్ 15 దగ్గర తేమ బాగా ఉంటే ఈకల్లాంటి కొమ్మలున్న నక్షత్రాలు. ఇంకా చల్లబడితే మళ్ళీ బిళ్ళలూ స్తంభాలూ. మబ్బులో తిరుగుతూ దిగే స్ఫటికం ఏ చలిని, ఏ తేమని దాటిందో దాని రూపంలో రాసి ఉంటుంది. ఆరు చేతులూ కలిసే ప్రయాణిస్తాయి కాబట్టి దాదాపు ఒకేలా పెరుగుతాయి. పక్క పువ్వు దారి వేరు, రూపమూ వేరు.

అయితే క్యాలెండర్ బొమ్మలు చూసి మోసపోకండి. అంత తీరైనవి తక్కువ. రాలేవాటిలో చాలావరకు విరిగినవీ, వంకరవీ, ఒకదానికొకటి అతుక్కున్నవీనూ.

అమెరికా, కెనడాల్లో పిల్లల దగ్గరికి చలికాలంలో వెళ్ళేవాళ్ళు ఓ చిన్న భూతద్దం పెట్టుకెళ్ళండి. మంచు కురిసేటప్పుడు నల్లకోటు వేసుకుని ఆరుబయట కాసేపు నిలబడి, కోటు చల్లబడ్డాక చెయ్యి చాపండి. చూసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టండి. వెచ్చటి గాలి తగిలితే పువ్వు నీటిబొట్టయిపోతుంది.