లోకాంతర యాత్ర, మంత్రశక్తి, నైతిక పరీక్ష: ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’

అద్భుత కాల్పనిక నవలను, అంటే ఫాంటసీని, చాలామంది పిల్లల కాలక్షేపంగా భావిస్తారు. ఆ అభిప్రాయం ఎంతవరకు సరైనదో ఈ పాఠంలో ఒక నవల ఆధారంగా పరిశీలిద్దాం. సి.ఎస్. లూయిస్ రాసిన ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’ 1955లో వెలువడింది. ఏడు నార్నియా నవలల్లో ప్రచురణ క్రమంలో ఇది ఆరోది, కథాక్రమంలో మొదటిది. నార్నియా లోకం ఎలా పుట్టిందో చెప్పే నవల ఇదే.

1. కథా నేపథ్యం

కథ లండన్‌లో మొదలవుతుంది. డిగొరీ అనే బాలుడి తండ్రి ఉద్యోగరీత్యా ఇండియాలో ఉన్నాడు. తల్లి ప్రాణాంతకమైన జబ్బుతో మంచాన పడింది. తల్లీకొడుకులు మేనమామ ఆండ్రూ ఇంట ఉంటున్నారు. ఈ ఆండ్రూయే శీర్షికలోని మాంత్రికుడు. అతడు పొరుగింటి అమ్మాయి పాలీని మోసగించి ఆమె చేత పసుపు ఉంగరం తాకిస్తాడు. ఆమె మాయమవుతుంది. ఆమెను తీసుకురావడానికి డిగొరీ వెళ్లక తప్పదు.

2. మంత్రానికి నియమాలు

ఫాంటసీలో ఏదైనా జరగవచ్చని అనుకోకండి. మంచి రచయిత తన కల్పిత లోకానికి నియమాలు ఏర్పరచి, వాటికి తానూ కట్టుబడతాడు. ఇక్కడ పసుపు ఉంగరం లోకాల నడుమ ఉన్న ఒక అడవికి చేరుస్తుంది. ఆకుపచ్చ ఉంగరం ఆ అడవి నుంచి బయటికి తీసుకువెళ్తుంది. అడవిలోని ఒక్కొక్క మడుగు ఒక్కొక్క లోకానికి దారి. ఉంగరాలు తయారుచేసిన ఆండ్రూకే ఈ సంగతి సరిగా తెలియదు. తానుగా ఆ ప్రయాణం చేసే ధైర్యం లేక పిల్లలను పంపాడు.

3. మంత్రశక్తి, అహంకారం

పిల్లలు చేరిన లోకాల్లో ఛార్న్ ఒకటి. అక్కడ ప్రాణి అన్నది లేదు. జేడిస్ అనే రాణి సింహాసనం కోసం సోదరితో పోరాడి, ఓడిపోయే క్షణంలో ఒకే ఒక్క మాట ఉచ్చరించి సమస్త జీవులనూ నాశనం చేసింది. సామాన్యుల నియమాలు తనవంటి వారికి వర్తించవని ఆమె వాదం. ఆండ్రూ కూడా అంతకుముందు అదే వాదం చేశాడు. రెండు లోకాల్లో ఒకే తర్కాన్ని వినిపించడం ద్వారా రచయిత మనల్ని ఆలోచింపజేస్తాడు.

4. అసలు పరీక్ష

నార్నియాను సృష్టించిన అస్లాన్ అనే సింహం ఒక తోట నుంచి పండు తెమ్మని డిగొరీని పంపుతుంది. ఆ పండు దొంగిలించి తల్లికి పెడితే ఆమె బతుకుతుందని అక్కడ జేడిస్ ప్రలోభపెడుతుంది. ఇచ్చిన మాట ఒకవైపు, కన్నతల్లి ప్రాణం మరొకవైపు. డిగొరీ మాట నిలబెట్టుకుంటాడు. ఆ పండు నుంచి నార్నియాను కాపాడే చెట్టు మొలుస్తుంది. ఆ చెట్టు పండునే అస్లాన్ స్వయంగా ఇస్తే తల్లి కోలుకుంటుంది.

లూయిస్ తల్లి 1908లో, అతనికి తొమ్మిదేళ్ల వయసులో మరణించింది. నవలను ఆత్మకథగా చదవనక్కర్లేదు. అయినా డిగొరీ వేదనకు అంత బలం ఎందుకు వచ్చిందో ఈ విషయం కొంత తెలుపుతుంది.

5. మనకు తెలిసిన ఉదాహరణ

పెద్దన ‘మనుచరిత్ర’లోని ప్రవరుణ్ణి గుర్తుచేసుకోండి. సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయాలకు వెళ్తాడు. మంచులో లేపం కరిగిపోయి తిరిగిరాలేకపోతాడు. అక్కడే వరూధిని రూపంలో ప్రలోభం ఎదురవుతుంది. కాలం, సంస్కృతి, ఆశయం వేరైనా నిర్మాణంలో పోలిక ఉంది. మంత్రసాధనం మనిషిని ఇంటికి దూరంగా తీసుకువెళ్తుంది. అక్కడ అతనికి తోడుగా ఉండేది శీలమే.

కాబట్టి ఫాంటసీ చదివేటప్పుడు వింతలతో ఆగకండి. మంత్రం ఎవరి చేతిలో ఉంది, దాని మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అని ప్రశ్నించండి. ఆ ప్రశ్న మన లోకానికీ వర్తిస్తుంది.

అభ్యాసం: ఆండ్రూ, జేడిస్ పాత్రల పోలికలను పది వాక్యాల్లో వివరించండి.