ఎండు గింజలో ప్రాణం

విత్తనాల మూటలోంచి ఒక కందిగింజను చేతిలోకి తీసుకుని చూడండి. అది ఆహారం కోరదు, పెరగదు, తాకినా ఉలకదు. పోషణ, శ్వాసక్రియ, పెరుగుదల, ప్రత్యుత్పత్తి, పరిసరాలకు స్పందించటం ప్రాణికి లక్షణాలని జీవశాస్త్రపు తొలి పాఠం చెబుతుంది. వీటిలో ఒక్కటైనా ఆ గింజలో కంటికి ఆనదు. ఆ లెక్కన గులకరాయికీ దానికీ భేదం ఉండకూడదు. కాని తొలకరి పడగానే రాయి తడిసి ఊరుకుంటుంది, గింజ మొలకెత్తుతుంది.

మరి మూటలో ఉన్నన్నాళ్లూ అది బ్రతికి ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న పాతదే. 1702లో హాలెండు దేశస్థుడైన లీవెన్‌హుక్, ఇంటి చూరు కాలువలో ఎండిపోయిన మట్టిని నీటిలో కలిపి సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. కొంతసేపటికి అందులో సూక్ష్మప్రాణులు కదలసాగాయి. ఇటువంటి స్థితికి 1959లో డేవిడ్ కీలిన్ అనే శాస్త్రజ్ఞుడు 'క్రిప్టోబయోసిస్' అని పేరుపెట్టాడు. గుప్తజీవనం అని మనం చెప్పుకోవచ్చు.

ఈ గుప్తజీవనం ఎంతకాలం సాగగలదో ఒక ఖర్జూరపు గింజ చూపింది. ఇజ్రాయెల్‌లో మృతసముద్రం సమీపాన మసాడా అనే ప్రాచీన దుర్గం ఉంది. 1963-65 మధ్య అక్కడ జరిగిన తవ్వకాలలో దొరికిన ఖర్జూరపు గింజలు దశాబ్దాలపాటు అలాగే భద్రంగా ఉండిపోయాయి. 2005లో ఎలేన్ సొలోవే వాటిలో మూడింటిని నాటగా ఒకటి మొలిచింది. వేళ్లకు అంటుకుని ఉన్న పెంకు ముక్కలను కార్బన్ పరీక్షకు పంపితే, గింజ వయస్సు దాదాపు 2,000 సంవత్సరాలని తేలింది. మొక్కకు మెతూసెలా అని పేరుపెట్టారు. అది మగచెట్టు. మరొక ప్రాచీన విత్తనం నుంచి మొలిచిన హన్నా అనే ఆడచెట్టు, మెతూసెలా పుప్పొడితో 2020లో పండ్లు కాసింది.

గింజ పండి ఎండేటప్పుడు, కణాలలో కొన్ని చక్కెరలూ ప్రత్యేకమైన మాంసకృత్తులూ చేరతాయి. నీరు తగ్గేకొద్దీ లోపలి ద్రవం గాజువలె గట్టిపడుతుంది. అణువులు ఎక్కడివక్కడ దాదాపు నిలిచిపోతాయి. క్రియ ఆగినా అమరిక చెదరదు. అయినా కాలం తన పని మానదు. జన్యుపదార్థపు పోగులు కొద్దికొద్దిగా తెగుతూనే ఉంటాయి. నీరు తగిలిన గింజ పెరుగుదలకు పూనుకునే ముందు ఈ తెగినవాటిని అతుక్కుంటుంది. మరమ్మతుకు లొంగనంతగా దెబ్బతిన్న గింజ నానుతుంది, ఉబ్బుతుంది, కుళ్లిపోతుంది. చచ్చిన గింజకూ నిద్రించే గింజకూ తేడా పైకి కనిపించేది కాదు. రెండూ ఒక్కలాగే బరువు తూగుతాయి!

అన్ని గింజలకూ ఈ విద్య రాదు. మామిడి టెంకనూ పనస గింజనూ పూర్తిగా ఎండబెడితే ప్రాణం పోతుంది. వరి, జొన్న, కంది వంటివాటికి మాత్రం ఎండటమే ఆయుష్షు. నిల్వ ఉంచిన విత్తనంలో తేమ 1 శాతం తగ్గితే, లేదా చలి 5 డిగ్రీలు పెరిగితే, ఆయుర్దాయం సుమారు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. విత్తనాలను బాగా ఎండబోసి, బూడిద కలిపి కుండలో మూతవేసిన మన రైతులు ఈ లెక్క ఎరగకపోయినా తప్పు చేయలేదు.

హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో, 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలైన పంటల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. దీర్ఘకాలపు నిల్వకు సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉంచుతారు. ఆ చలిలోనూ నమ్మి ఊరుకోరు. అప్పుడప్పుడు కొన్ని గింజలను తీసి తడిపి చూస్తారు. మొలిచేవాటి సంఖ్య తగ్గుతున్నదంటే, ఆ రకం పూర్తిగా చచ్చిపోకముందే పొలంలో విత్తి కొత్త గింజను కూర్చుకుంటారు.