తీగ చేసిన గాయం

మా మామగారు పోతూ పోతూ మాకు అప్పగించినది ఒక జువ్వి మొక్క. వయస్సు పాతికేళ్ళు, ఎత్తు మూరెడు! జపానువారు పైను చెట్లను కుండీల్లో మరుగుజ్జులుగా పెంచుతారే, ఆ బోన్సాయి విద్యే యిది. పైను చెట్టుకు మన ఎండలు పడవు గనుక ఆయన జువ్విని ఎంచుకున్నారు.

మొన్న వేసవిలో దాని కొమ్మమీద బెరడు నల్లబడి పగిలింది. మా కాపురం సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ మధ్య. నక్కవాగు కాలుష్యం 1990లో సుప్రీంకోర్టుకెక్కిన ప్రాంతమాయె! "ఫ్యాక్టరీల పొగే కారణం" అని తీర్పు చెప్పేశాను. మా ఆవిడ మారు మాట్లాడక తోటమాలిని పిలిపించింది.

"పొగ అయితే ముందు ఆకు మాడుతది సారూ. యీ మచ్చ కొమ్మచుట్టు మెలిక తిరిగింది. తీగె కట్టి మరిచిండ్రా?" అన్నాడతను.

నిజమే! కొమ్మ వంపు తిరగాలని రెండేళ్ళక్రితం రాగితీగ చుట్టి మరచినవాణ్ణి నేనే. ఆకులు వండిన ఆహారం బెరడు గుండానే వేళ్ళకు దిగుతుంది. కొమ్మ లావెక్కినకొద్దీ తీగ బెరడును కోసుకుంటూ ఆ దారిని మూసేసింది.

అతను గోటితో బెరడు గీరి చూశాడు. లోపల పచ్చగా వుంది. పాలచుక్క కూడా పైకి వచ్చింది.

"పానం ఉన్నది సారూ!"

లోపల గోధుమరంగుకు తిరిగి ఎండిపోయి వుంటే ఆ చోటు చచ్చినట్లేనట. తీగను విప్పితే బెరడు వూడివస్తుందని, ముక్కలుగా కత్తిరించి తీశాడు.

అంతా చూసి మా ఆవిడ అన్నది: "అయితే పొగగొట్టం మన యింట్లోనే వుందన్నమాట!"