వార్ధక్యంలో స్వీయచరిత్ర రచన : కడప సాక్ష్యం

ప్రాచీనాంధ్ర కవి తన్ను గూర్చి చెప్పుకొన్నది అవతారికలో కొన్ని పద్యాల మేర మాత్రమే. వంశం, గురువు, ఇష్టదైవం, కృతిపతి అనుగ్రహం చెప్పడంతో ఆ ప్రస్తావన ముగుస్తుంది. కర్నూలు సీమలోని నంద్యాల ప్రభువు కృష్ణరాజుకు కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చిన పింగళి సూరన, పాత్రల చేత వారి వారి వృత్తాంతాలను ఎంతో విపులంగా చెప్పించాడు. తన వృత్తాంతాన్ని మాత్రం అంత విపులంగా చెప్పుకోలేదు. ఆత్మస్తుతి దోషమన్న సంస్కారం ఇందుకు ప్రధాన హేతువు.

ఈ సీమలో ఊళ్ల చరిత్రలకు కొరత లేదు. 19వ శతాబ్ది తొలి దశకాలలో కాలిన్ మెకంజీ కోసం సేకరించిన కైఫీయతులలో కడప ప్రాంత గ్రామాల పుట్టుక, చెరువులు, గుడులు, మాన్యాలు, పాలెగాండ్ర కలహాలు నమోదైనాయి. ఆ వివరాలకు ఆధారమైన కవిలెలను కాపాడిన కరణాల జీవితాలు మాత్రం అక్షరాలకెక్కలేదు.

ఇట్టి నేలతో ముడివడిన తొలి స్వీయ కథనాలలో ఒకటి ఆంగ్లభాషలో, ఒక విదేశీయుని చేత వ్రాయబడడం గమనింపదగినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో జన్మించి, 1820లో కొలువు నిమిత్తం కడప చేరాడు. అనంతరం కడపలో బంగళా కొని, పండితులను, లేఖకులను సొంత ఖర్చుతో పోషించి, తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, పాఠాలను సరిచూపించాడు. వేమన పద్యాలను 1829లో, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో వెలువరించి, 1855లో స్వదేశానికి మరలినాడు. తన సాహిత్య జీవిత వృత్తాంతాన్ని 1866లో, 68వ యేట వ్రాశాడు. దీనిని జి. ఎన్. రెడ్డి, బంగోరె పరిష్కరించగా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1978లో ప్రకటించింది.

ఆ ప్రాయంలో ఆయన దానిని వ్రాయవలసిన అగత్యమేమి? కీర్తి కోసమందామా, నిఘంటువే ఆ పని చేసింది. సంతానానికి బోధ కోసమందామా, ఆయన అవివాహితుడు. తీరిక వల్ల అనడం మరీ తేలిక మాట. తీరిక ఉన్నవారందరూ వ్రాయరు. వృద్ధులు గతాన్ని తలపోయడం మతిభ్రంశ లక్షణం కాదనీ, మరణ సామీప్యంలో జీవితాన్ని మరల పరిశీలించుకోవడం మనస్సు చేసే సహజ వ్యాపారమనీ అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో ప్రతిపాదించాడు. ఇది స్మరణకు హేతువును చెప్పుతుంది గాని వ్రాతకు చాలదు. తలపోతకు ఒంటరితనం చాలు. వ్రాతకు దానిని అందుకొనే మరొకడు కావాలి.

ఇక్కడ గ్రామ వ్యవహారంలోని ఒక ఆచారం తోడ్పడుతుంది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో రద్దయ్యేంత వరకు సాగిన కరణీకంలో, పని దిగిపోయే కరణం చిట్టా, అడంగలు మొదలైన లెక్కలను తరువాతి వానికి అప్పగించవలసినదే. అప్పగింత ముగియనిదే బాధ్యత తీరదు. బ్రౌన్ వృత్తాంతం ఈ జాతికి చెందినది. శీర్షికలోనే సాహిత్య జీవితమని హద్దు గీచుకొన్నాడు. ఏ గ్రంథానికి ఎట్లు పూనుకొన్నాడు, ఏ ప్రతులను ఎట్లు కూర్చాడు, వాటిని ఏ భాండాగారానికి ఇచ్చాడు అన్నవే అందులో ప్రధానాంశాలు.

అనంతపురం జిల్లావాడైన తిరుమల రామచంద్ర ‘హంపీ నుంచి హరప్పా దాక’లో చేసినదీ ఇదే. 1913లో జన్మించిన ఆయన ఎనిమిది పదులు దాటిన వయస్సులో వ్రాసిన ఆ కథనానికి 2001లో, మరణానంతరం, సాహిత్య అకాదెమీ పురస్కారం లభించింది. పండిత కుటుంబాల, గురుకులాల, తాళపత్ర పరిశోధనల లోకాన్ని ఆయన స్మృతి మనకు అందించింది.

అప్పగించే లెక్కలో పొరపాట్లు ఉండవని కాదు. తాను పూనుకొనే నాటికి తెలుగు వాఙ్మయం మృతప్రాయమని, దానికి ప్రాణం పోసినది తానేనని బ్రౌన్ భావించాడు. మృతప్రాయమైన వాఙ్మయానికి టీకలు వ్రాయగల పండితులు ఆయనకు ఎక్కడ దొరికినట్లు? ముదిమిలోని స్మృతి తన పాలును కొంత పెంచి చూపుతుంది. కనుక వృత్తాంతాన్ని ఆయన జాబులతో సరిచూడక తప్పదు. బంగోరె శ్రమ విలువ ఇక్కడనే తెలుస్తుంది.

అయినను ఈ వ్రాత లేకున్న కలిగే నష్టం స్వల్పం కాదు. బ్రౌన్ కొలువులోని అయోధ్యాపురం కృష్ణారెడ్డి, జూలూరి అప్పయ్య వంటివారు తమ లెక్కను తాము అప్పగించలేదు. వసుచరిత్రకు అప్పయ్య కూర్చిన వ్యాఖ్య 1844లో అచ్చయినది. అంతటి వ్యాఖ్యాతను నేటి పరిశోధకుడు ప్రధానంగా యజమాని వ్రాతల మూలముననే ఎరుగును. ఆత్మస్తుతి దోషమని మౌనం వహించిన పండితుని పక్షాన చెప్పేవాడు ఆ యజమాని ఒక్కడే అయినాడు. బ్రౌన్ బంగళా శిథిలమైన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషి వల్ల గ్రంథాలయం వెలసి, ఆపై యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాషా పరిశోధన కేంద్రమైనది. ఆ స్థలం బ్రౌన్ పేర నిలిచినది. అక్కడ కూర్చుండి పాఠాలు సరిచూచిన పండితుల వృత్తాంతాన్ని మాత్రం పీఠికల నుండి, జాబుల నుండి ముక్కముక్కలుగా ఏరుకొనవలసి ఉన్నది.