ఓడ దిగాక, ఫ్లైట్ ఎక్కే దాకా: మస్కట్‌లో ఆ ఒక్క రోజు

క్రూజ్ ఓడల మీద పనిచేసే మనోళ్ళు కాంట్రాక్ట్ అయిపోయి ఇంటికెళ్ళే రోజు గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నాం. "ఓడ మీద నెట్ సరిగ్గా రాదన్నా, ఆడియో దిగదు, రాసి పెట్టు" అని చాలామంది అడిగారు. అందుకే ముఖ్యమైనవన్నీ ఇక్కడ రాస్తున్నా. సలాలా నుంచో, దుఖ్మ్ నుంచో పని ముగించుకుని మస్కట్‌లో ఫ్లైట్ ఎక్కేవాళ్ళకి కూడా ఇందులో చాలా పనికొస్తుంది.

నేను మస్కట్‌లో టూరిస్టు బస్సు నడుపుతాను. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా క్రూజ్ సీజన్. మత్రాలోని సుల్తాన్ ఖాబూస్ పోర్ట్‌కి ఓడ వచ్చిందంటే పొద్దున్నే గేటు దగ్గర ఉంటాను. 2014లో సరుకు ఓడల్ని సోహార్‌కి పంపేశాక ఈ రేవు ఎక్కువగా టూరిస్టు ఓడలదే అయింది. ప్రయాణికులతో పాటు కాంట్రాక్ట్ అయిపోయిన సిబ్బంది కూడా ఇక్కడ దిగుతుంటారు. వంటవాళ్ళు, క్యాబిన్ స్టీవార్డులు, లాండ్రీవాళ్ళు, ఇంజిన్ రూమ్ వాళ్ళు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు కనిపిస్తే పలకరించకుండా ఉండలేను. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఫ్లైట్ రాత్రికి. అప్పటిదాకా ఏం చెయ్యాలి?"

ఆ ప్రశ్నకి జవాబు ఊరు చూడ్డంతో మొదలుకాదు. టికెట్‌తో మొదలవుతుంది.

ఓడ వచ్చే టైమ్ కాదు, పాస్‌పోర్ట్ చేతికొచ్చే టైమ్

ఓడ 7 గంటలకి రేవుకి కడతారు అంటే మీరు 7 గంటలకి ఫ్రీ అని కాదు. ముందు ఓడకి క్లియరెన్స్ రావాలి. తర్వాత ప్రయాణికులు దిగుతారు. మీ డ్యూటీ మీ బదులు వచ్చినవాళ్ళకి అప్పజెప్పాలి, క్యాబిన్ ఖాళీ చెయ్యాలి, జీతం లెక్క చూసుకోవాలి. ఆ తర్వాత ఏజెంట్ మిమ్మల్ని ఇమ్మిగ్రేషన్‌కి తీసుకెళ్తాడు. ఇన్ని నెలలూ ఓడ ఆఫీసులో ఉన్న పాస్‌పోర్ట్ అప్పటికి గానీ మీ చేతికి రాదు. నేను చూసినంతలో పొద్దున వచ్చిన ఓడ సిబ్బందికి ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది.

కాబట్టి మీ లెక్క అక్కడ మొదలుపెట్టండి. అటువైపు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. మత్రా నుంచి ఎయిర్‌పోర్ట్ దాదాపు 40 కిలోమీటర్లు, సీబ్ వైపు. రోడ్డు ఖాళీగా ఉంటే ముప్పావు గంట లోపే. సాయంత్రం ఆఫీసులు వదిలే టైమ్‌లో ఆ లెక్క పెట్టుకోకండి. ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్‌కి మూడు గంటల ముందు ఉండాలి. ఓడ వచ్చిన రోజే మధ్యాహ్నం ఫ్లైట్ వేశారంటే, "ఇది ఆలస్యమైతే తర్వాతి ఫ్లైట్ ఏది? మార్చేది ఎవరు?" అని ఏజెంట్‌ని ముందే అడగండి.

ఇంకో చిక్కు తేదీది. ఇక్కణ్ణుంచి ఇండియాకి చాలా ఫ్లైట్లు రాత్రిపూటే. టికెట్ మీద 15వ తేదీ 01:30 అని ఉంటే మీరు బయల్దేరాల్సింది 14వ తేదీ రాత్రి. పదిన్నరకల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. 15వ తేదీ రాత్రి తాపీగా వచ్చి, వెళ్ళిపోయిన ఫ్లైట్ కోసం కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్ళని చూశాను. ఒక నెల ఇంటికి పంపే డబ్బు అలా పోతుంది.

టికెట్ ఎవరిది, ఖర్చు ఎవరిది

ఓడ సిబ్బందికి ప్రపంచం మొత్తానికీ ఒక ఒప్పందం ఉంది. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్, 2006. ఇండియా దాన్ని 2015లో ఆమోదించింది. దాని ప్రకారం కాంట్రాక్ట్ ముగిస్తే మిమ్మల్ని ఇంటికి చేర్చే బాధ్యత, ఖర్చు ఓడ యజమానిది. మీది పెద్ద తప్పు అని తేలితే తప్ప ఆ డబ్బు మీ జీతంలోంచి కొయ్యకూడదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. ఆ ఒప్పందం మార్గదర్శకాల్లో, ఓడ దిగినప్పటి నుంచి గమ్యం చేరే దాకా తిండి, బస, 30 కిలోల సామాను రవాణా కూడా యజమాని ఖర్చులోకే వస్తాయని ఉంది. అంటే మస్కట్‌లో ఫ్లైట్ కోసం పన్నెండు గంటలు ఆగాల్సి వస్తే, అది సెలవురోజు కాదు, మీ సొంత ఖర్చూ కాదు. మీ కాంట్రాక్ట్‌లో చివరి ముక్క. మీ కాంట్రాక్ట్ కాగితంలో దీని గురించి ఏం రాశారో దిగడానికి రెండు వారాల ముందే చదువుకోండి. రాత్రి ఫ్లైట్ అయితే పగలు ఉండటానికి హోటల్ గది ఉందా, భోజనం ఉందా అని అడగండి. మొహమాటపడాల్సిన పని లేదు.

ఒడ్డు మీద ఉద్యోగం చేసేవాళ్ళకీ ఇలాంటిదే ఉంది. 2023లో వచ్చిన ఒమన్ కొత్త కార్మిక చట్టం, అంటే 53/2023 రాజాజ్ఞ ప్రకారం, పని ముగిశాక మిమ్మల్ని సొంత దేశానికి పంపే ఖర్చు యజమానిదే. అదే చట్టంలో ఏడాది సర్వీసుకి ఒక నెల బేసిక్ జీతం చొప్పున గ్రాట్యుటీ కూడా ఉంది. టికెట్ చేతికి రాగానే సంబరపడి ఆ లెక్క మర్చిపోకండి. ఇంటికెళ్ళాక అడగడం కష్టం.

ఆఖరి ముక్క: హైదరాబాద్ నుంచి మన ఊరికి

కంపెనీ టికెట్ వేస్తుంది సరే, ఎక్కడిదాకా? ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ఎపిసోడ్‌లో కోనసీమ తమ్ముడు ఒకరు చెప్పింది ఉన్నదున్నట్టు పెడుతున్నా:

"కంపెనీ హైదరాబాద్ దాకా వేసిందన్నా. అక్కణ్ణుంచి రాజమండ్రికి నేనే ఫ్లైట్ కొనుక్కున్నా, తక్కువలో దొరికిందని. ఓడ మస్కట్ రాలేదు."

"రాలేదంటే?"

"గాలి ఎక్కువుందని రేవులోకి రాలేదు. నేరుగా దుబాయ్ పోయింది. రెండ్రోజులు లేటు. కంపెనీ టికెట్ వాళ్ళే మార్చారు. నేను కొన్నది పోయింది."

"ఎంత?"

"డబ్బు సంగతి వదిలెయ్యన్నా. చెల్లి నిశ్చితార్థం పోయింది."

గల్ఫ్‌లో తిరిగే చాలా క్రూజ్‌లకి మస్కట్ మధ్యలో వచ్చే రేవు. మొదలూ చివరా దుబాయ్, అబుదాబి, దోహా లాంటి చోట్ల ఉంటాయి. మధ్య రేవుని వదిలేసి పోవడం ఓడకి పెద్ద విషయం కాదు, మీకు మాత్రం పెద్ద విషయం. అందుకని మూడు జాగ్రత్తలు.

ఒకటి. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఫారంలో సొంత ఎయిర్‌పోర్ట్ ఏదని అడుగుతారు. అక్కడ విశాఖ, విజయవాడ, రాజమండ్రి, తిరుపతి, ఏది దగ్గరైతే అది రాయండి. ఒప్పుకుంటే మస్కట్ నుంచి మీ ఊరి ఎయిర్‌పోర్ట్ దాకా ఒకే టికెట్ వస్తుంది. ఒకే టికెట్ అయితే మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది తప్పినా, తర్వాతి దాంట్లో పంపాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్స్‌ది. విడివిడిగా కొన్న రెండో టికెట్ గురించి ఎవరూ పట్టించుకోరు.

రెండు. విడిగా కొనక తప్పకపోతే మధ్యలో కనీసం నాలుగు గంటలు వదలండి. ఇండియాలో మొదట దిగిన ఎయిర్‌పోర్ట్‌లోనే ఇమ్మిగ్రేషన్, సామాను తీసుకోవడం, కస్టమ్స్ అన్నీ అవ్వాలి. తర్వాత సామాను మళ్ళీ ఇవ్వాలి. శంషాబాద్‌లో ఒకే టెర్మినల్ కాబట్టి కొంత నయం. ముంబైలో అయితే డొమెస్టిక్ ఫ్లైట్ వేరే టెర్మినల్ నుంచి ఉండొచ్చు, రోడ్డు మీద పోవాలి. ఇంకో లెక్క, ఇండియా టైమ్ ఒమన్ కన్నా గంటన్నర ముందు. మూడు గంటల ప్రయాణం గడియారంలో నాలుగున్నర అవుతుంది.

మూడు. డబ్బు వెనక్కి రాని టికెట్ కొనకండి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళకి అసలు ముందే కొనాల్సిన పనే లేదు. శంషాబాద్ నుంచి పుష్పక్ బస్సులో జూబ్లీ బస్టాండ్‌కి వెళ్తే అక్కణ్ణుంచి బస్సులు బోలెడు. విజయవాడ వైపు వాళ్ళకి ఎల్బీనగర్ పుష్పక్ ఉంది. విశాఖ దాకా అయితే రోడ్డు మీద రాత్రంతా ప్రయాణం, అది ఒంటికి భారమే. అయినా తేదీ ఖాయం కానప్పుడు దొరికిన బస్సే పోగొట్టుకున్న ఫ్లైట్ కన్నా మేలు.

దిగే ముందు చూసుకోవాల్సినవి

సీడీసీలో దిగిన తేదీ, రేవు పేరు సరిగ్గా పడ్డాయా చూడండి. మీ సముద్ర సర్వీసు లెక్కకి అదే ఆధారం. చివరి జీతం కాగితం తీసుకోండి. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందా చూడండి. మనకి ఇంటిపేర్లు పొడుగు, అక్షరాలు తప్పుపడటం మామూలే. ఆ తప్పు ఓడలో ఉండగానే సరిచేయించుకోవడం తేలిక, చెక్-ఇన్ కౌంటర్ దగ్గర కష్టం. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. ఎవరిచ్చిన పొట్లమైనా, "ఊళ్ళో మావాళ్ళకి ఇచ్చెయ్" అన్నా, విప్పి చూడకుండా తీసుకోకండి.

ఇక ఆ ఏడెనిమిది గంటలు

ముందు ఏజెంట్‌ని ఒక్క మాట అడగండి: "నేను ఊళ్ళో తిరగొచ్చా?" ఓడ దిగిన సిబ్బందిని కొన్నిసార్లు నేరుగా హోటల్‌కో, ఎయిర్‌పోర్ట్‌కో మాత్రమే తీసుకెళ్తారు. మీకు వేసిన వీసాని బట్టి అది ఉంటుంది. తిరగొద్దంటే తిరగొద్దు. ఇంటికెళ్ళే రోజు పోలీసు చెకింగ్‌లో ఇరుక్కోవడం కన్నా హోటల్లో పడుకోవడం మంచిది. నిజానికి ఎనిమిది, తొమ్మిది నెలలు రోజూ పది గంటల పైనే నిలబడి పనిచేసిన మనిషికి ముందు కావాల్సింది నిద్రే.

తిరగొచ్చంటే, సామాను హోటల్లోనో ఏజెంట్ దగ్గరో పెట్టండి. పాస్‌పోర్ట్, టికెట్, డబ్బు మాత్రం ఒంటి మీదే ఉండాలి. పోర్ట్ లోపల నడవనివ్వరు, గేటు దాకా బస్సు ఉంటుంది. గేటు దాటితే మత్రా కార్నీష్. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పాత ఇళ్ళు, పైన పోర్చుగీసుల కాలం కోట. మత్రా సూక్ అక్కడే, కానీ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా చాలా షాపులు మూసేస్తారు. శుక్రవారం పొద్దున కూడా అంతే. సాంబ్రాణి కొనాలంటే సాయంత్రం వెళ్ళండి, ధర అడిగాక బేరం ఆడండి. హల్వా కొంటే పెద్ద బ్యాగులో పెట్టండి, చేతి సంచిలో అయితే సెక్యూరిటీ దగ్గర ఆపొచ్చు.

ఆ మధ్యాహ్నం గంటలకి రువి సరిగ్గా సరిపోతుంది. మత్రా నుంచి నాలుగైదు కిలోమీటర్లే, మవసలాత్ ఎర్ర బస్సులుంటాయి. అన్నం, సాంబారు, పెరుగుతో అరిటాకు భోజనం దొరికే హోటళ్ళున్నాయి. ఓడ మెస్‌లో బంగాళాదుంపలు తిని విసిగినవాడు అక్కడ మొదటి ముద్ద తినేటప్పుడు మాట్లాడడు, నేను గమనించాను. గుడికి వెళ్ళాలంటే దార్సైత్‌లో కృష్ణుడి గుడి ఉంది. పాత మస్కట్‌లో రాజభవనం దగ్గర శివాలయం ఉంది, 2018 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ దర్శించుకున్న గుడి అదే. చర్చిలు రువిలో ఉన్నాయి. సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే దారిలోనే ఉన్నా, ముస్లిమేతరులకి పొద్దున 8 నుంచి 11 దాకానే, శుక్రవారం లేదు. ఓడ దిగిన రోజు ఆ టైమ్‌కి అందుకోవడం కష్టం.

జేబులో డబ్బుంది కాబట్టి బంగారం వైపు కాళ్ళు లాగుతాయి. ఏడాదికి మించి విదేశంలో ఉండి వస్తే మగవాళ్ళు 20 గ్రాములు, ఆడవాళ్ళు 40 గ్రాముల నగలు సుంకం లేకుండా తేవొచ్చు. మీది తొమ్మిది నెలల కాంట్రాక్ట్ అయితే ఈ మినహాయింపు మీకు వర్తించదు. షాపువాడు ఈ మాట చెప్పడు. డాలర్లు తీసుకెళ్తుంటే నోట్లే 5,000 డాలర్లు దాటినా, మొత్తం 10,000 దాటినా ఇండియా కస్టమ్స్‌లో ప్రకటించాలి. అంత జేబులో మోసే బదులు బ్యాంకుకి పంపేయడం మేలు.

ఏజెంటూ రాలేదు, టికెట్టూ రాలేదు అనుకోండి

ఇది తక్కువే జరుగుతుంది, కానీ తెలిసి ఉండాలి. 2017 జనవరి నుంచి, కంపెనీ సిబ్బందిని వదిలేస్తే ఇంటికి పంపే ఖర్చుకి, నాలుగు నెలల దాకా బాకీ జీతానికి ముందే బీమా లాంటి హామీ ఉండాలన్న నిబంధన ఆ ఒప్పందంలో చేరింది. ఆ సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనపడే చోట పెట్టి ఉండాలి, ఎవర్ని సంప్రదించాలో దాని మీదే ఉంటుంది. దిగేముందు దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఒక్క నిమిషం పని. మస్కట్‌లో భారత రాయబార కార్యాలయం అల్ ఖువైర్‌లో ఉంది, ఒడ్డు మీద కార్మికులైనా, ఓడ సిబ్బందైనా వెళ్ళొచ్చు.

చివరగా ఇంటివాళ్ళ సంగతి. వాళ్ళకి "ఫలానా రోజు వస్తున్నా" అని ఖాయంగా చెప్పకండి. "ఆ వారంలో వస్తా, మస్కట్‌లో పాస్‌పోర్ట్ చేతికి రాగానే ఫోన్ చేస్తా" అని చెప్పండి. పెళ్ళో, నిశ్చితార్థమో ఉంటే, దిగే తేదీకీ ముహూర్తానికీ మధ్య కనీసం నాలుగైదు రోజులు ఉండేలా కంపెనీకి ముందే రాసి పెట్టండి. సముద్రం మన ముహూర్తాలు చూసుకోదు. చూసుకోవాల్సింది మనమే.