వాన తప్పిన ఏడాది తుపాకీ

పేదరికం వల్ల అంతర్యుద్ధాలు వస్తాయా, అంతర్యుద్ధాల వల్ల దేశాలు పేదవవుతాయా? చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుండే ఈ చిక్కుముడిని విప్పడానికి పరిశోధకులు ఎడ్వర్డ్ మిగెల్, శంకర్ సత్యనాథ్, ఎర్నెస్ట్ సెర్జెంటి 2004లో వర్షపాతం లెక్కలు ముందేసుకున్నారు. యుద్ధం పంటను తగలబెట్టగలదు కానీ వానను ఆపలేదు. కాబట్టి ముందు వాన తగ్గి, ఆదాయం పడిపోయి, ఆ తర్వాత కాల్పులు మొదలైతే ఏది కారణమో తేల్చవచ్చు. 1981-99 మధ్య 41 ఆఫ్రికా దేశాలను ఇలా పరిశీలించారు. ఆర్థిక వృద్ధి 5 శాతం పాయింట్లు పడిపోతే, మరుసటి ఏడాది అంతర్యుద్ధం వచ్చే అవకాశం దాదాపు సగం మేర పెరుగుతోందని తేలింది.

వాన రాకపోతే రైతుకు పంట పోతుంది. కూలీకి అంతకన్నా ముందే పని పోతుంది. నాట్లుండవు, కలుపు తీతలుండవు, కోతలుండవు. అప్పు కూడా పుట్టదు. అలాంటి ఊళ్లలో తిండి పెట్టి, చేతిలో నాలుగు డబ్బులు పెట్టే సాయుధ ముఠాకు కుర్రాళ్లు తేలిగ్గా దొరుకుతారు.

అయితే కరువొచ్చిన ప్రతిచోటా యుద్ధం రాదు. సూడాన్‌లోని డార్ఫర్‌లో 1960ల చివరి నుంచి వానలు తగ్గాయి. పశువుల కాపరులు మేత వెతుక్కుంటూ దక్షిణాన రైతుల పొలాల వైపు కదిలారు, తగాదాలు ముదిరాయి. కానీ 2003లో తిరుగుబాటు లేచినప్పుడు జంజావీద్ మిలీషియాలకు ఆయుధాలిచ్చి ఊళ్ల మీదికి తోలింది ఖార్టూమ్‌లోని సూడాన్ ప్రభుత్వమే. ఆ నేరాన్ని ఆకాశం మీదికి నెట్టడం బాధితులకు మరో అన్యాయం. గత శతాబ్దపు సంఘర్షణల ముప్పులో వాతావరణ ప్రభావం 3 నుంచి 20 శాతమని 2019లో 'నేచర్' పత్రికలో నిపుణులు అంచనా కట్టారు. పేదరికం, బలహీన ప్రభుత్వం, సమూహాల మధ్య అసమానత అంతకన్నా పెద్ద కారణాలన్నారు.

మరి వాన తప్పినా కూలి దొరికితే? మన దేశంలో 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఊళ్లలో దాన్ని 'కరువు పని' అనేవారు. ఏడాదికి 100 రోజుల పని, అడిగిన 15 రోజుల్లో చూపించాలని ఆ చట్టం చెప్పింది. వానలు తప్పినప్పుడు మావోయిస్టు ప్రాంతాల్లో హింస పెరగడం, ఈ పథకం వచ్చాక ఆ లంకె తెగిపోవడం ఆర్థికవేత్త థీమో ఫెట్జర్ లెక్కల్లో కనిపించాయి. అందుకే కూలి డబ్బులు ఆలస్యం కావడాన్ని గుమాస్తా పొరపాటుగా తీసిపారేయకూడదు.

ఇథియోపియా కూడా 2005లోనే ఇలాంటి పథకం తెచ్చి లక్షలాది కుటుంబాలకు తిండిగింజలు, కూలి అందించింది. అయినా 2020లో ఆ దేశపు టిగ్రే ప్రాంతంలో యుద్ధం వచ్చింది. దాని మూలం కేంద్ర ప్రభుత్వానికీ టిగ్రే నాయకత్వానికీ మధ్య సాగిన అధికార పోరు.