ఎగిరే పిట్టకు తగిన గది

హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఈ మధ్య లేచిన అపార్ట్‌మెంట్లలో, విల్లాల్లో చాలావాటికి ఒకే పోలిక. హాలుకూ వంటగదికీ మధ్య గోడ ఉండదు. బాల్కనీ వైపు నేల నుంచి పైదాకా జరుపుడు అద్దాల తలుపులుంటాయి. గోడలు తెల్లగా, నున్నగా ఉంటాయి. హాలు నడిమధ్య సీలింగ్ ఫ్యాను ఏడాదిలో తొమ్మిది పది నెలలు తిరుగుతూనే ఉంటుంది. మనుషులకు హాయిగా ఉండే ఈ ఇల్లు, చార్మినార్ దగ్గరి ముర్గీచౌక్ నుంచో, దగ్గర్లోని పెట్ షాపు నుంచో తెచ్చుకున్న బడ్జీ, కాకటీల్ లాంటి చిలుక జాతి పిట్టలకు అడుగడుగునా గండమే. పంజరం తలుపు తీసి పిట్టను కాసేపు ఎగరనిద్దామనుకునే వాళ్లకు తరచూ వినబడే సలహా రెక్క ఈకలు కత్తిరించమని. ఇది తేలికైన దారే కానీ సరైన దారి కాదు. పిట్ట ఒంటిని మన గదికి సరిపోయేలా కుదించడం కన్నా, గదిని పిట్ట ఎగరడానికి అనువుగా మార్చడమే దానికి నిజమైన రక్షణ.

ఎందుకో తెలియాలంటే పిట్ట ఎలా చూస్తూ ఎగురుతుందో ముందు తెలియాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయంలో మండ్యం శ్రీనివాసన్, పార్థ భగవతుల తదితరులు బడ్జీలను సన్నటి నడవాలో ఎగరనిచ్చి పరిశీలించారు. ఆ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఎగిరే పిట్టకు రెండు పక్కల గోడలూ వెనక్కి జారిపోతున్నట్టు కనిపిస్తాయి. ఆ జారుడు వేగాన్ని రెండు కళ్లకూ సమంగా ఉంచుకుంటూ అది నడవా మధ్యలో సాగుతుంది. రెండు గోడల మీదా నిలువు చారలుంటే జాగ్రత్తగా, నెమ్మదిగా ఎగిరింది. ఒక గోడ మీద నిలువు చారలు, రెండో గోడ మీద అడ్డ చారలు ఉన్నప్పుడు అడ్డ చారల గోడ వైపు ఒరిగిపోయింది. అడ్డ చారల వెంట ఎగురుతుంటే కదలిక కంటికి ఆనదు మరి. దీన్ని మన హాలుకు వర్తింపజేస్తే, ఏ గీతా మరకా లేని తెల్లగోడ తాను ఎంత దగ్గరలో ఉందో పిట్టకు సరిగా చెప్పలేదనుకోవాలి. అద్దం సంగతి ఇంకా ఘోరం. అమెరికాలోని మ్యూలెన్‌బర్గ్ కాలేజీకి చెందిన డేనియల్ క్లెమ్ 1970ల నుంచి దీని మీదే పనిచేశారు. పక్షులకు అద్దం అడ్డుగా తోచదని, అవతలి చెట్టో, అందులో మెరిసే ఆకాశమో మాత్రమే కనబడుతుందని ఆయన చూపించారు. 2014లో వచ్చిన ఒక అధ్యయనం ఒక్క అమెరికాలోనే భవనాలకు ఢీకొని ఏటా 36 కోట్ల నుంచి 98 కోట్ల దాకా పక్షులు చస్తున్నాయని అంచనా వేసింది. బయటి పక్షుల కోసమైతే అద్దానికి వెలుపలి వైపు గుర్తులు అంటించాలి. ఇంట్లో పిట్ట లోపలి నుంచే వస్తుంది గనుక ఒక్క కర్టెను లాగితే చాలు. నిలువు చారల కర్టెన్ అయితే మరీ మంచిదని పై పరిశోధన చూశాక నాకు అనిపిస్తుంది. గోడకున్న నిలువుటద్దం మీదా ఒక దుప్పటి కప్పాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నెత్తి మీదే ఉంది. మామూలు సీలింగ్ ఫ్యాను రెక్కల చుట్టు వ్యాసం 1200 మిల్లీమీటర్లు. నిమిషానికి 350 చుట్లు తిరుగుతుందనుకుంటే రెక్క కొస వేగం గంటకు దాదాపు 80 కిలోమీటర్లవుతుంది. దాని ముందు బడ్జీ బరువెంత? ముప్ఫై, నలభై గ్రాములు. బెదిరిన పిట్ట సాధారణంగా పైకే పోతుంది, ఎత్తే దానికి భద్రత. కుక్కర్ విజిల్ వేసినా, కాలింగ్ బెల్ మోగినా అది నేరుగా లేచేది ఫ్యాను వైపే. స్విచ్ ఆపినంత మాత్రాన పనైపోదు. రెక్కలు పూర్తిగా నిలిచేదాకా పంజరం తలుపు తీయకూడదు. పిట్ట బయట ఉన్నంతసేపూ ఎవరూ అలవాటుగా స్విచ్ నొక్కకుండా బోర్డు మీద కాగితం అంటించాలి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల ఎండలో ఫ్యాను లేకుండా ఎలా ఉండమంటారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పిట్టకూ ఆ వేడి పడదు, దానికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. అందుకే వేసవిలో ఎగరనివ్వాల్సింది తెల్లవారిన తొలి గంటలో. ఏసీ ఉన్న గదైతే తలుపు మూసి, ఫ్యాను ఆపి ఎప్పుడైనా వదలొచ్చు. ఫ్యాను ఆపలేని పూట పిట్టను పంజరంలోనే ఉంచాలి, ఇందులో బేరం లేదు.

వంటగది ప్రమాదం మరో రకం, అది కంటికి కనబడదు. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో సాగిపోతుంది, వాటికి తోడు ఒళ్లంతా గాలితిత్తులుంటాయి. ఎగరడానికి కావాల్సినంత ప్రాణవాయువు అలాగే అందుతుంది. గాలిలో విషముంటే అదీ అంతే జోరుగా ఎక్కుతుంది. శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ సూచన మీద బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువును పసిగట్టడానికి వాడిన కెనరీ పిట్టలను 1986 దాకా కొనసాగించారంటే అందుకే. నాన్‌స్టిక్ పెనం మీది పూత 260 డిగ్రీలు దాటి వేడెక్కితే వెలువడే పొగ పిట్టను నిమిషాల్లో చంపగలదు. దోసె పోస్తున్నప్పుడు పెనం అంత వేడెక్కదు. ఖాళీ పెనం పొయ్యి మీద పెట్టి ఫోను మాట్లాడితే ఎక్కుతుంది. చాలా ఎయిర్‌ఫ్రయర్ల లోపలా ఇదే పూత ఉంటుంది. పిట్ట ఉన్న ఇంట్లో ఇనప పెనానికి మళ్లడమే మేలు. అగరొత్తులు, సాంబ్రాణి, దోమల కాయిల్ కూడా పిట్ట ఉన్న గదిలో వద్దు. వంటగదికి గోడ లేని ఇళ్లలో పిట్ట ఎగిరే వేళా పొయ్యి వెలిగే వేళా కలవకూడదు. కాగే నూనె మీద వాలిన పిట్టను కాపాడడం చాలా కష్టం.

ఇక రెక్కల సంగతి. కత్తిరిస్తే ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేదు కదా అనేవాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ దానివల్ల ప్రమాదం తగ్గకపోగా రూపు మార్చుకుంటుంది. ఈకలు కత్తిరించిన పిట్ట ఎగిరే ప్రయత్నం మానదు, నేల మీద పడుతుంది. ఆ పడడంలో రొమ్ము ఎముకకు దెబ్బ తగులుతుంది, నేల మీద నడుస్తుంటే మన కాళ్ల కింద పడుతుంది, పిల్లి వస్తే లేవలేదు. ఎనిమిదో అంతస్తు బాల్కనీ నుంచి గాలి ఊపుకు జారిపోతే, కత్తిరించిన రెక్కతో కిందికి తేలిపోగలదు గానీ తిరిగి పైకి రాలేదు, దిగేది వీధికుక్కల మధ్యే. పైగా ఈక రాలిన ప్రతిసారీ కొత్తది వస్తుంది. ఎగరదులే అని తలుపు బార్లా తీసే అలవాటు మనకు ముదిరేసరికి దానికి రెక్కలు వచ్చేస్తాయి.

అసలు బయటికే తీయకపోతే? ఎగరని బడ్జీకి కొవ్వు పేరుకుంటుంది, కాలేయం పాడవుతుంది. జంతువు కదలడానికి సరిపోని పంజరంలో బంధించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కిందా నేరమే. ఇంకో అడుగు ముందుకేసి, పిట్టను పెంచడమే తప్పనేవాళ్లూ ఉన్నారు. 2015లో ఢిల్లీ హైకోర్టు పక్షులకు ఆకాశంలో ఎగిరే హక్కుందని చెప్పింది. మన రామచిలుక విషయంలో ఆ మాటకు తిరుగు లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచడం నేరం, ఈ వ్యాసం అలాంటి పెంపకానికి సాయపడేది కాదు. కానీ బడ్జీ, కాకటీల్ తరతరాలుగా పంజరాల్లోనే పుట్టిన ఆస్ట్రేలియా జాతులు. పక్షి శాస్త్రవేత్త జాన్ గూల్డ్ బడ్జీలను ప్రాణాలతో ఇంగ్లండుకు చేర్చింది 1840లో. వాటిని శామీర్‌పేట చెరువు గట్టున వదిలేస్తే అది విముక్తి కాదు, కాకులకూ గద్దలకూ అప్పగించడమే. కొత్తగా కొని ఈ వ్యాపారాన్ని పెంచొద్దనే వాదనతో నాకు పేచీ లేదు. ఇప్పటికే ఇంట్లో ఉన్న పిట్టకు మాత్రం ఎగిరే హక్కును ఇంట్లోనే ఇవ్వాల్సిన బాధ్యత మనది.

అందుకు ఇల్లంతా మార్చక్కర్లేదు, ఒక గది చాలు. వంటగదికి దూరంగా ఉన్న పడకగది మేలు. కిటికీలకు దోమల జాలీ, తలుపుకు గడియ, బాత్రూము తలుపు మూత, నీళ్ల బకెట్ మీద పళ్లెం, వైర్లు మంచం వెనక్కి. లోపల ఒక మనిషి, బయట వాళ్లకు ముందే ఒక మాట. అలవాటైన వేళకు కొర్రలు చూపిస్తే పిట్ట తనంతట తానే పంజరంలోకి దిగడం నేర్చుకుంటుంది, తువ్వాలుతో తరమాల్సిన పని రాదు. నగరానికి ఈ కొసన ఉన్నవాళ్లు ఇన్ని జాగ్రత్తలు పడడానికి ఇంకో కారణమూ ఉంది. దగ్గరి పశువైద్యులు ఎక్కువగా చూసేది కుక్కల్నీ గేదెల్నీ, పశువైద్య విశ్వవిద్యాలయమేమో అవతలి కొసన రాజేంద్రనగర్‌లో. రెక్క విరిగిన పిట్టకు ఆ ప్రయాణం చిన్నది కాదు.

ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి తలుపు సందులోంచి తుర్రుమనొచ్చు. అప్పుడు వెంటపడి అరవకూడదు, బెదిరితే ఇంకా దూరం పోతుంది. దాని పంజరాన్నే తలుపు తీసి, గింజలు పోసి బాల్కనీలో పెట్టాలి. జతపిట్ట ఉంటే మరో పంజరంలో పక్కనే ఉంచాలి, దాని కూత చాలాదూరం వినిపిస్తుంది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి, కాపలావాళ్లకు చెప్పాలి. పొద్దు గుంకితే ఆ రాత్రికి అది సాధారణంగా కదలదు. ఏ చెట్టెక్కిందో గుర్తుపెట్టుకుని, వెలుగు రాకముందే పంజరంతో ఆ చెట్టు కిందికి చేరాలి.